భ్రమరకీటన్యాయమును నిమ్మాకుపురుగును

నలుగురు చూచిన విషయమును ఆధారముగా గొని నలుగురు చూడని విషయమును బోధించుటకై మన శాస్త్రకారులు న్యాయములను కల్పించిరి. కాకతాళీయము, దండాపూపము, దేహళీదీపము మున్నగునవి అట్టివి చాల గలవు. వానిలో పురుగులను గూర్చినవి రెండు పండితుల నోటనే గాక సామాన్యుల నోటను వినబడుచుండును. మొదటిది ఘుణాక్షరన్యాయము. కొయ్యను తొలుచు పురుగు తన ఆకలి కొలది తాను పోవుచుండగా ఆ తొలిచిన గీత యాదృచ్ఛికముగా ఒక యక్షరమువలె ఏర్పడుట దాని యర్థము. రెండవది భ్రమరకీటన్యాయము. తుమ్మెద యొకటి పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో బంధింపగా, ఆ పురుగు భయముచేత ఎడతెగక తుమ్మెదనే తలచి తలచి తుదకు తానును తుమ్మెద యగునట. మొదటి న్యాయమును మనము పరిహాసమునకు వాడుదుము. రెండవదానిని మోక్షమునకు వాడుదుము. ఈ రెంటిలో ఏది నిలుచును, ఏది నిలువదు, నిలువనిదానిని పట్టుకొని వ్రేలాడుటవలన కలుగు కీడెట్టిది యను విచారణ యీ వ్యాసమునకు విషయము. ఈ విచారణకు సాక్షి ఒక నిమ్మాకు.

మా మెదకు జిల్లా శంకరంపేట ప్రాంతమున పెరటిలో నిమ్మచెట్టు గల యిండ్లు అనేకములు. తొలకరి వానలు పడి చెట్టు చిగిర్చిన కొలదిదినములకు ఆ లేతయాకును వెలుతురునకు పట్టి చూచినచో దానిపై వెండిదారమువంటి గీత యొకటి మెలికలు తిరుగుచు కనబడును. నత్త ప్రాకిన జాడ యెండిన తరువాత మెరసినట్లు అది మెరయును. గీత నడుమ సన్నని నల్లచార యుండును. ఆకు ముడుచుకొని వంకర పోవును. కొందరు రైతులు దీనిని పాముపొడ యందురు. కొందరు ఆకుముడత యందురు. ఆరవ తరగతి పిల్లవాడొకడు అట్టి యాకును తెచ్చి నా బల్లపై బెట్టి, "సార్, దీని మీద ఎవరో రాసిన్రు" అనెను. తక్కినవారు మూగిరి. అందులో 'ల' యున్నదని యొకడు, కాదు 'ణ' యని యొకడు, అసలది ఉరుదూ వ్రాత యని మరియొకడు వాదమాడిరి. తాటాకుపై గంటముతో వ్రాసినవారి సంతతి గదా. ఆకుపై ఏ గీత కనబడినను అది వ్రాతయే యని వారికి తోచుటలో వింత లేదు.

ఆ వ్రాయసకాడు ఒక చిన్న చిమ్మటకు బిడ్డ. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. కలకత్తానుండి పోయిన నమూనాలను చూచి స్టెయిన్‌టన్ అను ఆంగ్లేయుడు 1856లో దానిని వర్ణించెను. అనగా లోకమునకు అది మన దేశపు పురుగుగనే పరిచయమయ్యెను. రెక్కలు ముడిచి కూర్చున్న తల్లిపురుగు పొడవు 2 మిల్లిమీటరులు మాత్రమే. వెండివలె తెల్లని రెక్కలు. ఒక్కొక్క రెక్క కొసను ఒక నల్లని చుక్క. పగలెల్ల ఆకులమాటున దాగియుండి మునిమాపున, తెల్లవారుజామున ఎగురును. కొలదిదినములే బ్రదుకును. ముదురాకును అది కన్నెత్తి చూడదు. పూర్తిగ విచ్చుకొనని లేతయాకును వెదకి, మిక్కిలిగ అడుగువైపున, నడిమి యీనెకు దాపున, ఒక్కొక్క గ్రుడ్డు చొప్పున పెట్టును. ఆ గ్రుడ్డు చిన్న మంచుబొట్టువలె నుండును గావున కంటి కానదు.

గ్రుడ్డునుండి వెడలు పిల్లపురుగు బయటిగాలికి రాదు. గ్రుడ్డు అంటుకొనియున్న చోటనే సూటిగా ఆకులోనికి దిగును. ఆకు మందమెంత? కాగితమంత. ఆ మందములోను పైపొర యొక్కటియే దానికి ఇల్లు, వంటయిల్లు, రాజబాట. అంత యిరుకున బ్రదుకవలసిన జీవికి దేహమును అందుకు తగినట్లే యేర్పడినది. అది బల్లపరుపుగా నొత్తినట్లుండును, కాళ్లు లేవు. దవడలు పొరలోని కణముల గోడలను కత్తిరించుచు ముందునకు సాగును. కారిన రసమును పురుగు త్రాగును. పైనున్న పలుచని తొడుగును మాత్రము చెక్కు చెదరనీయదు. ఆ తొడుగు క్రిందికి గాలి చేరుటచే గీతకు వెండిమెరుపు వచ్చుచున్నది. నడుమ కనబడు నల్లచార పురుగు విడిచిన మలము. మరియొక ఆకునకు పోవుటకు దానికి కాళ్లు లేవు గనుక పుట్టిన ఆకే దానికి భూమండలము.

నాలుగు దశలలో అది పెరుగును. మొదటి మూడింట త్రాగుటయే పని. నాలుగవ దశలో తిండి యుండదు. పట్టు వడకుటయొక్కటే యుండును. ఆకు అంచునకు చేరి పట్టుపోగులతో ఆ యంచును తనపైకి లాగికొని మడిచి, ఆ మడతలో గూడు కట్టుకొని, కోశదశలో నిద్రించును. కాలము నిండినపుడు తలమీది మొనతో గూటిని చీల్చి సగము వెలికి వచ్చి, చొక్కాయి విప్పినట్లు పొరను అక్కడనే విడిచి, తెల్లని చిమ్మటయై లేచిపోవును. గ్రుడ్డు మొదలు చిమ్మటవరకు ఈ కథ వేడిమిని బట్టి 13 దినములనుండి 52 దినములవరకు నడచును.

ఇపుడు మొదటి న్యాయమును చూతము. ఆకుమీది గీతలో 'ల' కనబడుట ఘుణాక్షరమే. పురుగునకు వర్ణమాల తెలియదు. ఈ విషయమున పూర్వుల మాట చెక్కు చెదరలేదు. కాని ఆ గీతను అక్షరముగా గాక దినచర్యగా చదువ నేర్చినవానికి అందులో యాదృచ్ఛికము స్వల్పమే. గీత మొదట నూలుపోగంత యుండుట పురుగు బాల్యము. పోను పోను వెడల్పగుట దాని యెదుగుదల. అంచున ముగియుట దాని నిద్ర. ఎచట పుట్టెను, ఎటు పోయెను, ఎంత పెరిగెను, ఎట్లు ముగిసెను అను నాలుగు ప్రశ్నలకును ఒక్క యాకుమీద ప్రత్యుత్తరము గలదు. మన మహాకవులలో పెక్కండ్రను గూర్చి ఇంతమాత్రము చెప్పగల ఆధారములు మనకు దొరకలేదు! ఇట్టి గీతలు గల ఆకుల శిలాజములను అమెరికాలోని డకోటా శిలలనుండి తీసి 1994లో పరిశోధకులు వర్ణించిరి. వాని వయస్సు సుమారు 9 కోట్ల 70 లక్షల సంవత్సరములు. ఆకుపై వ్రాత మన గంటముతో మొదలు కాలేదన్నమాట.

మా ప్రాంతమువారికి ఇంతకంటె తెలిసిన దాయాది పురుగొకటి వేరుశనగ పైరుపై గలదు. అదియు చిమ్మట జాతియే. మొదట ఆకుపొరలో తొలిచి బ్రదుకును. ఒడలు పెరిగి ఆ పొరలో పట్టనపుడు వెలికి వచ్చి, ఆకులను పట్టుతో జతచేసి ఆ ముడుతలో దాగి తినును. తమిళులు దానిని సురుళ్ పూచి యందురు. వానలు ముఖము చాటుచేసిన యేట దాని బలము హెచ్చును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థ వారు (ఆ యూరు 2016 వరకు మా జిల్లాలోనిదే) దాని జీవితమును శ్రమపడి పరిశీలించిరి. ఆ సంగతి మరియొక వ్యాసమునకు తగినది. మనము నిమ్మాకునకే మరలుదము, ఏలయన రెండవ న్యాయమునకు సంబంధించిన విశేషము అందు స్పష్టముగా కనబడును.

అన్ని గీతలును ఆకు అంచువరకు పోవు. కొన్ని నడిమిలోనే ఆగిపోవును. అట్లాగిన చోటును భూతద్దముతో చూచినయెడల లోపల ఎండి యతుకుకొనిపోయిన నిమ్మాకుపురుగు తోలును, దాని ప్రక్క నల్లబారిన వేరొక చిన్న కోశమును కనబడును. మరి కొన్నిదినములకు పైతొడుగులో గుండ్రని రంధ్రమొకటి పడును. అందుండి చిమ్మట రాదు. ఆవగింజకన్న చిన్నదగు కందిరీగ వచ్చును. ఈ కందిరీగల తల్లి ఆకుపొరను తన మొనతో గ్రుచ్చి లోపలి పురుగుపై గ్రుడ్డు పెట్టిపోవును. ఆ గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల నిమ్మాకుపురుగును తిని పెరుగును. ఇట్టి కందిరీగల జాతులు పెక్కు గలవు. వానిలో నొకదానికి మన దేశపు శాస్త్రజ్ఞులే 1960లో పేరు పెట్టిరి. అది సిట్రోస్టికస్ ఫిల్లోక్నిస్టాయిడీస్. పేరు పురుగుకంటె పొడవే గాని దాని పని గొప్పది. 1993లో నిమ్మాకుచిమ్మట సముద్రములు దాటి అమెరికాలోని ఫ్లోరిడాలోను స్పెయిన్ దేశపు నారింజతోటలలోను ప్రవేశించి చిగురెల్ల ముడుచుచుండగా, ఈ కందిరీగను తెప్పించి స్పెయిన్‌లో విడిచిరి. వలెన్సియా తోటలలో చిమ్మటకు అదియే ప్రధానశత్రువుగా నిలిచినది.

ఇక భ్రమరకీటన్యాయము పుట్టిన తావు మనకు దొరకినది. ఆకులోనికి పోయినది పురుగు. వెలికి వచ్చినది రెక్కలు గల కందిరీగ. నడుమ జరిగినది కంటికి కనబడదు. మట్టిగూటి విషయమును ఇట్టిదే. మన యింటి గోడలపై మట్టితో గూళ్లు కట్టు కందిరీగ పచ్చపురుగులను మోసికొని వచ్చుటను పూర్వులు చూచిరి. గూటి మూతి మూసివేయుటను చూచిరి. కొన్నాళ్లకు ఆ గూటినుండి కందిరీగ వెడలుటను చూచిరి. చూచినవి మూడును సత్యములే. చూడని నాలుగవదానిని ఊహతో నింపిరి. కందిరీగ గూడు మెత్తునపుడు చేయు ఝంకారము వారికి ఉపదేశముగా వినబడెను. భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు ఈ పురుగు ముచ్చట చెప్పెను. ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన యిరువదినలుగురు గురువులను ఎన్ని చెప్పుచు వారిలో ఈ కందిరీగను చేర్చెను. వేదాంతులు దీనిని బ్రహ్మభావనకు సామ్యముగ తీసికొనిరి.

గూటిలోపల ఏమి జరుగునో ఓపికతో కూర్చుండి చూచినవారిలో ఫ్రాన్సు దేశపు ఫాబ్రే ప్రసిద్ధుడు. ఆయనయు మావలెనే బడిపంతులు. వేటాడు కందిరీగ తెచ్చిన కీటకము చచ్చినది గాదనియు, ముల్లుపోటుచే కదలలేని స్థితిలో సజీవముగ నున్నదనియు, కందిరీగపిల్లకు చెడని యాహారముగ నుండుటకే ఆ యేర్పాటనియు ఆయన 1855లో ప్రకటించెను. తరువాత తన గ్రంథసంపుటములలో మట్టిగూటి కందిరీగలను గూర్చియు వ్రాసెను. గూటిలో కందిరీగ గ్రుడ్డు కప్పునుండి దారమునకు వ్రేలాడుచుండునట. క్రింద పడియున్న పురుగులు పొర్లినను గ్రుడ్డు చితుకకుండుటకు ఆ యుపాయము. పుట్టిన పిల్ల ఆ పురుగులను ఒక్కొక్కటిగ తినును. కావున గూటినుండి వెడలిన కందిరీగ పురుగుయొక్క పరిణామము కాదు. పురుగును తిన్నదాని సంతానము.

ఈ సంగతి చెప్పినపుడు మా యూరిలో నాకంటె పెద్దలు, సంస్కృతమున నాకంటె మిక్కిలి చదివినవారు, ఒక శాస్త్రులుగారు నవ్వి యిట్లనిరి: "ఏమండీ పంతులుగారూ, చంద్రునివంటి ముఖమన్నచో ముఖమున కుందేలు కలదా యని అడుగుదురా? దృష్టాంతమునకు ఏకదేశసామ్యము చాలును గదా. ధ్యానబలము చెప్పుటకు పురుగును తెచ్చిరి. పురుగు అబద్ధమైనంతమాత్రమున ధ్యానము అబద్ధమగునా?" ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ధ్యానము సత్యమో కాదో పురుగు తేల్చదని నేనును ఒప్పుకొందును. కాని ముఖమునకును చంద్రునికిని సామ్యము చెప్పునపుడు చంద్రుని కాంతి నిజముగ నున్నది. ఏ యంశమును తీసికొంటిమో ఆ యంశము చంద్రునియందు గలదు. ఇచ్చట తీసికొన్న యంశమేది? పురుగు తుమ్మెద యగుట. అదియే లేదు. కుందేలును విడిచినను చంద్రుడు మిగులును. దీనిని విడిచిన ఈ దృష్టాంతమున మిగులునదేమి?

న్యాయదర్శనమున గౌతముడు దృష్టాంతమునకు పెట్టిన నియమమును శాస్త్రులుగారికి నేను జ్ఞప్తి చేసితిని. సామాన్యజనులును పరీక్షించు పండితులును ఏ వస్తువు విషయమున ఏకాభిప్రాయులై యుందురో అదియే దృష్టాంతమగుట కర్హమని ఆయన తాత్పర్యము. ఇరువురిలో పరీక్షకుడు "కాదు" అన్న నాడే ఆ వస్తువు దృష్టాంతపదవినుండి జారినది. ఇది పాశ్చాత్యులనుండి ఎరువు తెచ్చిన నియమము కాదు, మన ఇంటిదే. పూర్వులకు గూటిలోపల చూచు సాధనము లేదు. వారు చూచినంతవరకు చక్కగనే చూచిరి. చూడగలిగియు చూడకుండుట మనకు మాత్రమే సాధ్యమైన దోషము.

ఇంతవరకును ఇది పండితుల వాదమే. కాని ఈ న్యాయము మఠములలోనే యున్నచో నేనీ వ్యాసమునకు పూనుకొనకపోవుదును. అది మన యిండ్లలోనికిని బడులలోనికిని దిగినది. నారదుడు చెప్పిన కథలో పురుగును మార్చునది ప్రేమ కాదు, భయమును ద్వేషమును. భయముచేత తలచినను తలపు తలపే, దానికి ఫలముండునని అచటి తాత్పర్యము. భగవద్విషయమున ఆ మాట ఏమైనను కానిండు. లోకవ్యవహారమున దానికి వచ్చిన రూపము వేరు: బలవంతుని క్రింద భయపడి యొదిగియున్నచో బలహీనుడు ఒకనాటికి బాగుపడునట. నిజాము రాజ్యకాలమున ఈ పల్లెలలో "బాంచెన్ దొరా" యని వెట్టి చేసినవాని తాతకును తండ్రికిని ఇదియే బోధ. క్రొత్తకోడలికి ఇదియే బోధ. బడిలో బెత్తము పట్టిన పంతులుకు ఇది బోధయే కాదు, సమర్థనమును. భయముంటేనే భక్తి, భయముంటేనే చదువు అని తల్లిదండ్రులే వచ్చి, "నాలుగు దెబ్బలేయుండ్రి సార్, మీ అంతటోడైతడు" అని పిల్లవానిని అప్పగించిపోవుదురు. ఈ వాక్యమును పరికింపుడు. దెబ్బలు తిన్నవాడు కొట్టినవానివంటివాడగునట! భ్రమరకీటన్యాయము ఒక్క సంస్కృతపదమైన లేకుండ శంకరంపేట భాషలో చెప్పబడినది.

2009 విద్యాహక్కు చట్టము తన 17వ విభాగమున పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. చట్టము బెత్తమును తీసికొన్నది, నమ్మకమును తీసికొనలేదు. బెత్తము లేనిచోట కేకయు, హేళనయు, వరుసనుండి వేరుచేసి నిలువబెట్టుటయు వచ్చినవి. వీని యన్నింటి వెనుక ఆ పురుగు కథయే నిలిచియున్నది: ఇపుడు వణకుచున్నాడు, పోనీ, రేపు రెక్కలు వచ్చును.

ఇచట ఒక చిక్కు గలదు. దానిని దాచుట న్యాయము కాదు. భయపడినవాడు భయపెట్టువాడగుట లోకమున లేదా? ఉన్నది. దెబ్బలు తిని పెరిగినవాడు తన బిడ్డలను కొట్టుట, అత్తచేత ఏడ్చిన కోడలు తాను అత్తయై కోడలిని ఏడిపించుట, పై తరగతివాడు తనను బాదగా వీడు క్రింది తరగతివానిని బాదుట మనము చూచుచునే యున్నాము. అట్లయిన పురుగు తుమ్మెద యైనట్లే గదా యని యెవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము పాత న్యాయమున దొరకదు; ఆకులో దొరకును. రంధ్రమునుండి కందిరీగ వెలువడుట సత్యమే. ఆ పురుగు మాత్రము ఏమయ్యెను? దాని తోలు ఆకుపొరలో ఎండి యతుకుకొనియున్నది. అది చిమ్మట కావలసినది. వెండిరెక్కలతో ఏ తెల్లవారుజాముననో లేచిపోవలసినది. అట్లే కొట్టువాడై వెలువడినవానిని చూచి "మా దెబ్బలు వీనిని మనిషిని చేసినవి" యని సంతోషించు గురువు తన సంతానమును చూచి సంతోషించుచున్నాడు. ఆ దేహమున మొదట నున్న బాలుడు బొమ్మలు గీయువాడో, పాట పాడువాడో, లెక్కలలో మెలకువ గలవాడో, ఇక తెలియుట కవకాశము లేదు. గీత నడిమిలో ఆగినది.

ఇట్లన్నంతమాత్రమున కందిరీగను క్రూరురాలని తిట్టరాదు. ఆ పొరపాటు మహామేధావులను సైతము కలతపెట్టినది. చార్లెస్ డార్విన్ 1860 మే 22వ తేదీన ఆసా గ్రే అను వృక్షశాస్త్రజ్ఞునకు వ్రాసిన యుత్తరములో, బ్రదికియున్న గొంగళిపురుగులను లోపలనుండి తిను ఇట్టి కందిరీగలను దయామయుడగు దేవుడు బుద్ధిపూర్వకముగా సృజించెనని తాను నమ్మజాలనని తెలిపెను. ఆయన బాధ నిజమైనది. ఐనను దయయు క్రౌర్యమును మరొక దారి గలవానికే గాని దారి లేనిదానికి అన్వయింపవు. కందిరీగ పిల్లకు వేరు తిండి లేదు. పంతులుకు వేరు పద్ధతి గలదు. పురుగులనుండి నీతిని తెచ్చుకొనుటలో నున్న అపాయమిది: ఒకవైపున అవి చేయు పనిని చూపి మన పనిని సమర్థించుకొందుము, మరియొకవైపున మన మాటలతో వానిని శిక్షింతుము. రెంటికిని అవి బాధ్యులు కావు.

శిక్ష యన్నమాట వచ్చినది గనుక పెరటి సంగతియు కొంత చెప్పవలసియున్నది. ఆకుపై గీత కనబడగానే మందు కొట్టుట మనవారి కలవాటు. కాని గీత బాగుగ కనబడి ఆకు ముడుచుకొనువేళకు పురుగు మడతలో నిద్రించుచుండును, లేదా లేచిపోయియుండును. చాలమారులు మనము దండించునది ఖాళీ యింటిని. లోపలనున్న పురుగునకు సైతము పైతొడుగు గొడుగువలె అడ్డమగుటచే పైపైన పడు మందు చాలవరకు తాకదు. ఆ మందు తప్పక తాకునది ఆకులపై తిరుగాడు చిన్న కందిరీగలను. ఎదిగిన నిమ్మచెట్టు ఈ గీతలవలన పెద్దగా నష్టపడదు. ముదురాకులు తమ పని తాము చేయుచుండును. నారుమొక్కలకును లేతచెట్లకును మాత్రము శ్రద్ధ అవసరము, ఏలయన వానికి ఉన్నదంతయు చిగురే. పైగా పురుగు తొలిచిన గాయములలో గజ్జితెగులు సులభముగా ప్రవేశించును. ఆకు చూచి ఇది పిల్లమొక్కయా, పెద్దచెట్టా, గీత పాతదా, క్రొత్తదా, అంచున ముగిసినదా, నడిమిలో ఆగినదా యని విచారించుటకు ఐదు నిమిషములు పట్టును. సీసా మూత తీయుటకు అంతకూడ పట్టదు గనుక మనము సీసానే యాశ్రయింతుము. పిల్లవాని నోటుపుస్తకములో తప్పు కనబడినపుడును మనము తరచుగ చేయునది ఇదియే.

మా తరగతిలో ఇపుడు కిటికీగూటిలో ఆరు సీసాలున్నవి. ఒక్కొక్కదానిలో నీరు పోసి, గీతలున్న నిమ్మచిగురు కొమ్మను నిలిపి, పైన పలుచని గుడ్డ కట్టిరి. కోసిన ఆకు ఒట్టిగ పెట్టినచో వాడిపోవునని, కొమ్మతో నీటిలో నుంచినచో నిలుచునని పిల్లలు తామే కనుగొనిరి. ప్రతిదినము చూచినది చూచినట్లు వ్రాయవలెననియు, చూడనిదానికి ఖాళీ విడువవలెననియు నేను పెట్టిన షరతు. మూడు సీసాలలో చిమ్మటలు లేచినవి. ఒకదానిలో కందిరీగ వచ్చినది. దానిని చూచిన పిల్ల యొకతె, "సార్, ఇది ఆ పురుగేనా, వేరేదా?" అని అడిగినది. నేను భూతద్దము చేతికిచ్చితిని. ఆమె చాలసేపు వంగి చూచి, ఆకుపొరలో ఎండిన తోలును కనుగొని, తన పుస్తకములో "వేరేది" అని వ్రాసినది. శాస్త్రులుగారు ఒకనాటి సాయంకాలము వచ్చి ఆ సీసాను వెలుతురునకు పట్టి చూచిరి. ఏకదేశసామ్యమును ఆయన ఇంకను విడువలేదు. కడపటి రెండు సీసాలలోని మడతలు ఇంకను విప్పుకొనలేదు. అందుండి ఏది వెడలునని పిల్లలు ఆయనను అడిగిరి. ఆయన "చూచి చెప్పుడు" అనిరి.